కిందపడిన రొట్టె

మేజోడు మడమ దగ్గర ఆగిపోయింది. ప్రిస్సిల్లా నేలమీద మోకాళ్ళూని కూర్చుని, ముసలావిడ పాదాన్ని తన తొడమీద ఆనించుకుని, రెండు బొటనవేళ్ళూ అంచులోకి దూర్చి పైకి లాగింది. కాలివాపు తగ్గడానికి వేసే బిగుతు మేజోళ్ళు అవి. వేసేవాళ్ళకి వేళ్ళు లాగుతాయి, వేయించుకునేవాళ్ళకి చర్మం మండుతుంది. తొంభై దాటిన కాలు. ఉల్లిపొరలాంటి చర్మం, దాని కింద నీలం నరాలు. బొటనవేలు పక్కవేలి మీదికి ఎక్కి కూర్చుంది. చిన్నప్పుడు ఎవరివో ఇరుకు బూట్లు తొడుక్కుని మంచులో నడిచి నడిచి అలా అయిందని ఆ ముసలావిడ, మైము, ఒకసారి చెప్పింది. ఇంగ్లీషు ఉన్న రోజుల్లో చెప్పింది.

ఇప్పుడు మైముకి ఇంగ్లీషు లేదు. ఈ పొద్దున్న ప్రిస్సిల్లా భయమంతా అదే.

ఒక్కరోజులో పోలేదు. చలికాలం మొదట్లో స్పూను పోయింది, తర్వాత కిటికీ పోయింది, ఆ తర్వాత థాంక్యూ పోయింది. డెబ్భై ఏళ్ళకి పైగా ఈ దేశంలో బతికి నేర్చుకున్న భాష, గోడకి కొట్టిన సున్నంలా పెచ్చులు పెచ్చులుగా రాలిపోయింది. కింద మిగిలింది పుట్టినూరి భాష. ఎస్టోనియా అని బాల్టిక్ సముద్రం పక్కన చిన్న దేశం. ఆ భాష వచ్చినవాళ్ళు ఈ వెర్రిబీ ఊళ్ళో ఇంకెవరున్నారో ప్రిస్సిల్లాకి తెలియదు.

ముసలివాళ్ళ ఇళ్ళకి ప్రిస్సిల్లాని పనికి పంపే ఏజెన్సీ ఇచ్చిన ఫోన్ యాప్‌లో ప్రతి విజిట్ చివరా ఒక ప్రశ్న వస్తుంది, భాషతో ఇబ్బంది ఉందా అని. ప్రిస్సిల్లా ప్రతిసారీ లేదనే నొక్కింది. కావాలనే నొక్కింది. ఇంతకుముందు ఆమె చూసుకున్న ఇటలీ తాతగారికి ఇలాగే ఇంగ్లీషు పోతే, నెల తిరక్కుండా ఎక్కడో ఊరవతల వృద్ధుల హోమ్‌లో పడేశారు. ఆయన మాట ఒక్కరికీ అర్థంకాక అరిచేవాడట. అరిస్తే మందిచ్చేవారట. మందిస్తే అరవడం మానేశాడు, తర్వాత తినడం కూడా మానేశాడు. దీన్ని ఈ దేశంలో సంరక్షణ అంటారు.

ఈరోజు కేర్ మేనేజర్ హేమచంద్ర వస్తున్నాడు, మైము ఇంట్లోనే ఉండొచ్చా, హోమ్‌కి పంపాలా తేల్చడానికి. దేశానికి అవతలి కొసన పెర్త్‌లో ఉన్న మైము మేనల్లుడు మార్క్, హేమచంద్ర ఏమంటే అదే అన్నాడు. పెర్త్ నుంచి అంతకంటే ఏమంటాడు.

"సీలిల్ ఆన్ యాను" అంది మైము, కాలు కిందికి దించుతూ.

సీల్‌కి దాహంగా ఉంది. ప్రిస్సిల్లా లేచి నీళ్ళు తెచ్చింది.

వాళ్ళిద్దరి మధ్య మిగిలిన భాష అదే. సీల్ అంటే మైము రాసిన పిల్లల పుస్తకాల్లోని హెడ్జ్‌హాగ్. ఎలుకకి ముళ్ళు మొలిచినట్టుంటుంది, గుప్పెడంత జంతువు. బొమ్మ మీద వేలుపెట్టి మైము చదివేది, ప్రిస్సిల్లా తిరిగి అప్పజెప్పేది. సీల్‌కి ఆకలి. సీల్‌కి చలి. సీల్‌కి పొట్ట నొప్పి. బొమ్మల పుస్తకంలో ఉన్న మాటలతోనే ఒక మనిషి రోజంతా గడిచిపోతుందని ప్రిస్సిల్లా కనిపెట్టింది. నర్సింగ్ కోర్సులో ఇది చెప్పలేదు. చెప్పరు కూడా.

నీళ్ళు తాగించి, మూతి తుడిచి, కుర్చీ కిటికీవైపు తిప్పింది. వీధిలో ఏ కారు చప్పుడైనా ఆమె మెడ దానంతట అదే తిరుగుతోంది. ఫోన్ మోగితే ఉలిక్కిపడింది. సువార్తమ్మ ఆంటీ. ప్రిస్సిల్లా అద్దెకుంటున్న గది ఆవిడ ఇంట్లోదే. ఇద్దరిదీ నరసాపురం వైపే, చర్చి కూడా ఒకటే.

"ఏంటే, వచ్చాడా ఆయన?"

"ఇంకా లేదాంటీ. భయంగా ఉంది."

"భయపడుతూ కూర్చుంటే పని ఎవరు చేస్తారే? ప్రార్థన చేసుకో. నువ్వు యాప్‌లో అబద్ధం నొక్కావని మాత్రం నోరు జారకు. ఉద్యోగం పోతే రేపు నీ నర్సింగ్ ట్రైనింగ్ ప్లేస్‌మెంటుకి రిఫరెన్సు మీ యూనివర్సిటీ వాళ్ళ తాతిస్తాడా?"

ఆంటీ మాట కటువే. కానీ పూటపూటా వాళ్ళ దేశపు ఆ నల్లరొట్టె తిని మామ్మగారు ఎలా బతుకుతుందే పాపం అని, చారు కాచి డబ్బాలో పోసి పంపించేదీ ఆవిడే.

మైముని మామ్మా అనే పిలుస్తుంది ప్రిస్సిల్లా. పేరుపెట్టి పిలవమని ట్రైనింగ్‌లో చెప్పారు. నోరు రాలేదు.

బల్లమీద పుస్తకాలు వరసగా ఉన్నాయి. పుస్తకాలంటే అట్టలూ బంగారు అక్షరాలూ ఊహించుకోకండి. సైక్లోస్టైల్ తీసి, మధ్యలో పిన్ను కొట్టిన పల్చటి కాగితాలు. పదమూడేళ్ళ పిల్లగా రెండో ప్రపంచ యుద్ధంలో పడవెక్కి పారిపోయింది మైము. జర్మనీలో శరణార్థి శిబిరంలోనే బడి చదువు ముగించింది. టీచరవుదామనుకుంది. ఓడ దిగగానే ఈ దేశం ఆమె చేతిలో పెట్టింది ఆసుపత్రి లాండ్రీ. రెండేళ్ళు చెప్పిన పని చేయాలని ఒప్పందం. తర్వాత వేరే చోటికి వెళ్ళొచ్చన్నారు. ఎక్కడికి వెళ్తుంది? ఆ శిబిరం బడి సర్టిఫికెట్టుని ఇక్కడ ఎవరూ కాగితంగా కూడా చూడలేదు. రిటైరయ్యేదాకా ఆవిరిలోనే నిలబడింది. రక్తం మరకల దుప్పట్లు ఉడకబెట్టి, ఆరబెట్టి, మడతలు పెట్టింది. మడతకి మడతకి మధ్య కథలు కట్టింది. శనివారం శనివారం ఎస్టోనియన్ల హాల్లో పిల్లలకి బడి పెట్టేవారు. వాళ్ళ కోసం రాసింది, తనే అచ్చు తీసింది. ప్రతి ప్రతిలో సీల్ ముక్కుకి ఎర్రరంగు తనే చేత్తో అద్దింది.

ఇలాంటి రచయితలకి శాలువాలు కప్పరు. చదివిన పిల్లలు పెద్దవాళ్ళయి ఇంగ్లీషులో జవాబు చెప్పడం మొదలుపెట్టారు. వాళ్ళ పిల్లలకి ఆ జవాబు కూడా అక్కర్లేకపోయింది. పుట్టిన దేశంలోనేమో సోవియట్ పాలన, పారిపోయినవాళ్ళ పుస్తకం గుమ్మం దాటనివ్వరు. తీరా తలుపులు తెరుచుకున్నాక మైము తన పుస్తకాలు సంచిలో వేసుకుని సొంతూరి బడికి వెళ్ళింది. చదివి వినిపిస్తే అక్కడి పిల్లలు కిసుక్కున నవ్వారట. వాళ్ళ తాతమ్మలు మాట్లాడే భాషట అది. మైము కూడా నవ్వాననే చెప్పింది. నవ్వి, సంచి మోసుకుని, మళ్ళీ ఇంత సముద్రం దాటి వచ్చేసింది.

ప్రిస్సిల్లా ఈ ఇంటికి వచ్చిన కొత్తలో దుమ్ము దులుపుతుంటే ఒక పుస్తకం జారి ఆమె పాదం మీద పడింది. ఆలోచన లేకుండానే వంగి తీసి కళ్ళకద్దుకుంది. వాళ్ళమ్మ రొయ్యల షెడ్డులో పనిచేస్తుంది, ఏ కాగితం కాలికి తగిలినా అలాగే చేస్తుంది. తలెత్తి చూస్తే మైము కుర్చీలో నిటారుగా కూర్చుని తననే చూస్తోంది. ఎందుకలా చేశావని అడిగింది. చెప్పింది ప్రిస్సిల్లా. మైము ఆ పుస్తకాన్ని ఓసారి చూసింది. తర్వాత పళ్ళెంలోంచి నల్లరొట్టె ముక్క తీసి, కావాలని నేలమీద పడేసి, ప్రిస్సిల్లాని తీసిమ్మంది. దాన్ని ముద్దుపెట్టుకుని తిరిగి పళ్ళెంలో పెట్టింది. రొట్టె కిందపడితే ఇలా క్షమాపణ అడగాలట. అలా అడగని ఇంట్లో రొట్టె ఉండదట. వాళ్ళ నాయనమ్మ చెప్పింది.

ఆ రోజు నుంచి ఈ ఇంట్లో పుస్తకం పడితే కళ్ళకి, రొట్టె పడితే పెదవికి.

కారు ఆగింది.

హేమచంద్ర బూట్లు విప్పి లోపలికి వచ్చాడు. తెలుగువాడు, అలవాటు పోలేదు. జుట్టుకి రంగు, మెడలో ఐడీ కార్డు, చంకలో టాబ్లెట్. మనిషి దుర్మార్గుడేం కాదు. తెలుగు సంఘంలో పిల్లలకి క్విజ్ పెడతాడు, కొత్తగా దిగిన స్టూడెంట్లకి గదులు చూసిపెడతాడు. తనూ స్టూడెంట్ వీసా మీద వచ్చి, తెల్లారకుండా రైల్వే స్టేషన్లలో టాయిలెట్లు కడిగినవాడే. ఆ మాట సభల్లో చెప్పి చప్పట్లు కూడా కొట్టించుకుంటాడు.

"ఎలా ఉన్నావమ్మా? యూని ఎలా నడుస్తోంది?"

"బాగానే ఉందండి, సార్."

"సార్ గీర్ వద్దని చెప్పానా? ఇక్కడ అందరం ఫస్ట్ నేమే. హేమ్ అను చాలు."

"సరే అంకుల్."

ఆయన నవ్వేశాడు. ప్రిస్సిల్లాకి నవ్వు రాలేదు. హేమచంద్ర కుర్చీ లాక్కుని మైము ఎదురుగా కూర్చుని ఇంగ్లీషులో, గొంతు పెంచి, చిన్నపిల్లని అడిగినట్టు అడిగాడు. ఈరోజు ఏ వారమో తెలుసా, ఇది ఏ ఊరు, ఎవరు వంట చేస్తారు. మైము ఆయన మొహంకేసి మర్యాదగా చూసింది. ఏదో చెప్పింది. అందులో ఒక్క మాటైనా పుస్తకంలోది కాదు. ప్రిస్సిల్లాకి ఏమీ అర్థంకాలేదు.

"ఏమంటోంది?"

"బాగానే ఉన్నానంటోంది. ఇక్కడే ఉంటానంటోంది."

"నీకు ఆ భాష వచ్చా?"

"కొంచెం."

"మరి యాప్‌లో లాంగ్వేజ్ ఇష్యూ లేదని పెట్టావేంటమ్మా?" ఆయన టాబ్లెట్ మీద వేలితో పైకి కిందికి జరుపుతూ అడిగాడు. కోపంగా అడగలేదు. కోపంగా అడిగినా బాగుండేది. "ఇంటర్‌ప్రెటర్‌ని అరేంజ్ చేసేవాళ్ళం గదా."

ఇటలీ తాతగారికి ఎవరూ అరేంజ్ చేయలేదు. ఆ మాట ప్రిస్సిల్లా నాలిక చివరిదాకా వచ్చింది. మింగేసింది. మైముకి టిఫిన్ వేళయిందని చెప్పి వంటగట్టు దగ్గరికి వెళ్ళింది. రొట్టె కోసింది. వీపు తిప్పి నిలబడితే మొహం కనబడదు. వెన్న రాస్తుంటే ఆయన తన వీపునే చూస్తున్నాడని తెలుస్తోంది. పళ్ళెం అందించబోయింది. పై ముక్క జారింది.

వెన్న రాసినవైపే నేలకి అతుక్కుంది.

మైము చూసింది. చెయ్యి చాపింది, ఎప్పటిలాగే, తీసిమ్మని. హేమచంద్ర కూడా చూశాడు. కిందపడిన తిండి క్లయింట్‌కి పెట్టకూడదు. ట్రైనింగ్‌లో మొదటి రోజు పాఠం అది, పరీక్షలో కూడా వస్తుంది. ఇప్పటికే ఒక అబద్ధం దొరికిపోయింది. రెండో తప్పు కళ్ళెదురుగా చేయడమా? ప్రిస్సిల్లా వంగి, టిష్యూతో రొట్టె తీసి, చెత్తబుట్ట మూత కాలితో నొక్కి, లోపల పడేసింది.

మైము గొంతులోంచి ఒక అరుపు వచ్చింది. ఇంత మనిషిలో అంత అరుపు ఎక్కడ దాగిందో తెలియదు. కుర్చీ చేతులు పట్టుకుని లేచింది. ఎవరూ పట్టుకోకుండా ఆమె లేచి నెలలయింది. తూలుతూ చెత్తబుట్టవైపు నడిచింది. పడిపోతుందని ప్రిస్సిల్లా అడ్డం వెళితే తోసింది, మణికట్టు మీద గోళ్ళు దిగాయి. ఏడుస్తూ అరుస్తోంది, అరుస్తూ ఒకే మాట అంటోంది. లేయిబ్, లేయిబ్. రొట్టె.

"అగ్రెషన్ కూడా ఉందన్నమాట," అన్నాడు హేమచంద్ర నెమ్మదిగా. టాబ్లెట్ మీద నొక్కాడు.

అగ్రెషన్ కాదు. ఒక్క వాక్యంలో చెప్పొచ్చు. తప్పు నాది, ఆవిడది కాదు అని చెప్పొచ్చు. ప్రిస్సిల్లా నోరు తెరిచింది. వీసా, ఫీజు, ప్లేస్‌మెంటు, అమ్మ చేతులమీద రొయ్యల ముళ్ళ గాట్లు, అన్నీ కలిసి ఆ నోట్లో అడ్డం పడ్డాయి. మాట రాలేదు.

మాట రాకపోతే చేయి వచ్చింది. మైముని నడుం చుట్టూ పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టింది. వెనక్కి వెళ్ళి చెత్తబుట్ట మూత ఎత్తింది. రొట్టె పైనే ఉంది, పొద్దున్న తనే మార్చిన కొత్త సంచిలో. తీసింది. కేర్ మేనేజర్ ఎదురుగా, ట్రైనింగ్ ఎదురుగా, ఆ మురికి రొట్టెని ముద్దుపెట్టుకుంది. వెన్న పెదవికి అంటింది. పళ్ళెంలో పెట్టి మైము ఒళ్ళో ఉంచింది.

మైము అరుపు ఆగింది. రొట్టెని రెండు చేతులతో ఎత్తి, తనూ ముద్దుపెట్టుకుంది. తర్వాత ప్రిస్సిల్లా మణికట్టు మీది గీతల్ని బొటనవేలితో రాసింది, మరక తుడుస్తున్నట్టు.

హేమచంద్ర కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడిచాడు.

"మా అమ్మ కూడా," అన్నాడు, "మెతుకు కిందపడితే ఏరి కళ్ళకద్దుకునేది. తిట్టేది మమ్మల్ని." ఆగాడు. "మా పిల్లలకి చెబితే యక్ డాడ్ అంటారు."

"అయితే మీకు అర్థమైంది గదా అంకుల్. ఆవిడ కొట్టలేదండి. ఆ రాసింది తీసేయండి."

"హోమ్‌కి పంపాలని రికమెండేషన్ వెళ్ళిపోయిందమ్మా. సిస్టమ్‌లోకి వెళ్ళాక నా చేతిలో లేదు. జీలాంగ్ ఊరవతల హోమ్‌లో బెడ్ ఖాళీ ఉంది. రేపు వ్యాన్ పంపిస్తారు." ఆయన లేచాడు. "యాప్ సంగతి నేను పైకి రాయనులే. స్టూడెంటువి. నీ సైడ్ నేను చూసుకుంటా."

చేతిలో లేకపోవడమేమీ లేదు. ఒకటో రెండో ఫోన్లు చేయాలి, తప్పు రాశానని ఎవరికో ఒప్పుకోవాలి. ఒకప్పుడు టాయిలెట్లు కడిగిన మనిషి ఇప్పుడు తప్పు ఒప్పుకోలేనంత ఎత్తుకి వెళ్ళాడు. ప్రిస్సిల్లాకి కనికరం పెట్టి, మైముకి వ్యాన్ పెట్టాడు. గుమ్మంలో కూర్చుని బూట్లు తొడుక్కుంటూ, ఆదివారం చర్చి తర్వాత ఇంటికి భోజనానికి రమ్మన్నాడు.

కారు వెళ్ళిపోయింది. ప్రిస్సిల్లా విజిట్ వేళ కూడా అయిపోయింది. తర్వాతి క్లయింట్ దగ్గరికి బయలుదేరావా అని ఫోన్ ఒకసారి మోగి ఊరుకుంది, మళ్ళీ మోగింది. దాన్ని బోర్లా పెట్టి, మైము పక్కన నేలమీద కూర్చుంది. రేపు అన్న మాట ఎలా చెప్పాలి? పుస్తకంలో వ్యాన్ లేదు. హోమ్ లేదు. సీల్ ఓడలో బంగాళాదుంపల బస్తాలో దాక్కుని ఈ దేశానికి వస్తుంది. ఇక్కడ క్రిస్మస్‌కి ఎండలు. చలికాలమంతా నిద్రపోవాల్సిన జంతువు, ఏది చలికాలమో తెలియక తిరుగుతుంది. దారిలో ఒంటినిండా ముళ్ళున్న ఎకిడ్నా అనే ఇక్కడి జంతువు కనబడితే మా పిన్నే అనుకుని వాటేసుకుంటుంది. ఇద్దరికీ గుచ్చుకుంటుంది. అక్కడికొచ్చేసరికి మైము ప్రతిసారీ నవ్వేది. ఒక్క పేజీ మిగిలుండగా పుస్తకం మూసి, అది రేపటికి అన్నట్టు చెయ్యి ఊపేది. ఆ ఆఖరి పేజీ ప్రిస్సిల్లా ఇంతవరకూ చూడలేదు.

ఇవాళ మైమే పుస్తకం తీసింది. మొదటి పేజీలు తిప్పలేదు. ఆఖరి పేజీ తెరిచి ప్రిస్సిల్లా ఒళ్ళో పెట్టింది.

బొమ్మలో సీల్ లేదు. ఎండుటాకుల కుప్ప ఉంది. కుప్పలోంచి బయటికి చేత్తో అద్దిన ఒక ఎర్రచుక్క, ముక్కు. కింద ఒకటే వాక్యం. ప్రిస్సిల్లా వేలుపెట్టి కూడబలుక్కుని చదివింది.

"సీల్ లాహెబ్ కోయు."

కోయు అన్న మాట తెలుసు. సాయంత్రాలు మైము కిటికీలోంచి చూస్తూ అనేది. ఇంటికి. సీల్ ఇంటికి వెళ్తోంది.

"ఇదే గదా మామ్మా నీ ఇల్లు," అంది ప్రిస్సిల్లా తెలుగులో. ఇంకే భాషలో అనాలో తెలియలేదు. "ఇంకెక్కడికి?"

మైము ఆమె తలమీద చెయ్యి వేసింది. లాండ్రీ సోడా తిన్న చెయ్యి, వేళ్ళ చివర్లు నున్నగా, గీతలు లేకుండా ఉంటాయి. తర్వాత రొట్టె తీసుకుని ఒక మూల కొరికింది. మెల్లగా నమిలింది. కిటికీలోంచి ఎండ మేజోళ్ళ మీద పడింది. "సీల్ ఆన్ వ్యాసినుద్" అంది. సీల్ అలిసిపోయింది. ప్రిస్సిల్లా దుప్పటి మోకాళ్ళదాకా కప్పి, పుస్తకం ఆమె ఒళ్ళో పెట్టి, కత్తీ వెన్నగిన్నే కడగడానికి లేచింది. కుళాయి కట్టేసేసరికి ఇంట్లో ఒక చప్పుడు తగ్గినట్టనిపించింది. ఫ్రిజ్ గుర్రుమంటోంది. గడియారం కొట్టుకుంటోంది. తగ్గింది ఏదో తెలియడానికి ఆమె కుర్చీదాకా నడవాల్సి వచ్చింది.

తల పక్కకి ఒరిగి ఉంది. కళ్ళు సగం మూసి ఉన్నాయి. మెడ దగ్గర వేళ్ళు పెట్టి చూసింది, నేర్పినట్టే. మళ్ళీ చూసింది.

అంబులెన్స్ వాళ్ళు వచ్చారు. బతికించే ప్రయత్నాలు వద్దని మైము ఎప్పుడో సంతకం పెట్టిన కాగితం ఫ్రిజ్ మీదే అంటించి ఉంది. వాళ్ళు ఎక్కువ హడావుడి చేయలేదు. డాక్టర్ వచ్చేదాకా కదపొద్దన్నారు. ప్రిస్సిల్లా హేమచంద్రకి ఫోన్ చేసింది. మైము పోయిందని చెప్పింది.

"అయ్యో," అన్నాడు ఆయన. "రేపటి వ్యాన్ క్యాన్సిల్ చేసేస్తాలే."

"అవుతుందా అంకుల్? సిస్టమ్‌లోకి వెళ్ళిపోయిందన్నారు."

"ఒక ఫోన్ చేస్తే అవుతుందమ్మా."

ఆయనకి కూడా అప్పుడు వినబడినట్టుంది తన మాట తనకే. ఫోన్ పెట్టలేదు, మాట్లాడనూ లేదు. ఆమే పెట్టేసింది.

తిరిగొచ్చి మైము కాళ్ళ దగ్గర కూర్చుంది. బిగుతు మేజోళ్ళు ఇంక అక్కర్లేదు. మడమ దగ్గర నెమ్మదిగా వదులుచేసి రెండూ తీసేసింది. పాదాల మీద అల్లిక అచ్చులు అలాగే ఉన్నాయి. మైము ఒళ్ళోంచి పుస్తకం జారి నేలమీద పడితే తీసి కళ్ళకద్దుకుని బల్లమీద పెట్టింది. పళ్ళెం మాత్రం ముట్టుకోలేదు.

పళ్ళెంలో నల్లరొట్టె ముక్క, ఒక మూల కొరికి ఉంది; వెన్నకి అంటుకున్న నేలదుమ్ము మీద రెండు జతల పెదవుల గుర్తులు, పక్కపక్కనే.